ఊదే అలవాటు

తిరుత్తణి బస్టాండు వెనక నాది మిక్సీలు, టీవీలు బాగుచేసే అంగడి. ఇరవై రెండేళ్లుగా సోల్డరింగ్ పొగ నా ముఖానికే కొడుతోంది. దగ్గు ఎంతకీ తగ్గకపోతే తిరువళ్లూరు పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆ పని మానేయ్, లేదంటే పొగనైనా బయటికి పంపు అన్నాడు డాక్టరు తమిళంలో. మానేస్తే తినేదేమిటి? పొగనే బయటికి పంపాలనుకున్నాను.

ఆ ఆదివారం పాత కంప్యూటరు ఫ్యానొకటి వెతికి, ఖాళీ నూనె డబ్బాలో బిగించాను. వెనక పైపు తగిలించి కిటికీలోంచి బయటికి వదిలాను. ఫ్యాను తిరగేసి బిగించానేమో, మొదటిసారి పొగంతా నా కళ్లలోకే వచ్చింది. విసుగొచ్చి సగం రోజు దాని జోలికి పోలేదు. సాయంత్రం విప్పి సరిచేస్తే, పొగ సన్నటి దారంలా సాగి డబ్బాలోకి వెళ్లిపోయింది.

మర్నాడు క్యారియరు తెచ్చిన నా భార్య, నేను మిక్సీ బోర్డుకు అతుకులు వేస్తుంటే నిలబడి చూసింది.

"పొగ యాడుండాది మామా? ఇంగా దేన్ని ఊదతా ఉండావు?" అంది.

నిజమే. అతుకు వేసినప్పుడల్లా పొగను పక్కకు తోలడానికి ఉఫ్‌మని ఊదడం నాకు అలవాటు. పొగ పోయినా నోరు తన పని తాను చేసుకుపోతోంది.

తరవాతి అతుకుకు పెదవులు బిగబట్టాను. అప్పటికే ఛాతీ నిండి ఉంది. ఊదాలంటే ముందు పీల్చుకోవాలి కదా. ఇన్నేళ్లూ బోర్డు మీదికి వంగి, సరిగ్గా పొగ లేచే చోటే, గుండెల నిండా పీల్చుకున్నాను.