రొట్టె చప్పుడు

నాకు వేడి జొన్నరొట్టె ఇష్టం. నిప్పుల మీద పొంగి, పైపొర అక్కడక్కడ మాడి, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ తుంచుకునే రొట్టె. పక్కన పిడికిలితో చితక్కొట్టిన ఉల్లిగడ్డ, రోట్లో నూరిన పచ్చిమిరపకాయల కారం, దాని మీద నాలుగు చుక్కల గానుగ నూనె. ఈమధ్య అందరూ జొన్నరొట్టెను మందు మింగినట్టు తింటున్నారు. షుగరుకు మంచిదట, మోకాళ్లకు మంచిదట. నేను దేనికో మంచిదని ఎన్నడూ తినలేదు, రుచిగా ఉందని తిన్నాను. రుచికి సాకులు వెతికే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కుండ అడుగున అంటిన మాడు గీక్కుని తినడం కూడా నాకు ఇష్టమే. చింతచిగురును కొమ్మ మీదినుంచి తుంచి నేరుగా నోట్లో వేసుకోవడం ఇష్టం. కొత్త కుండలో నీళ్లు తాగితే వచ్చే మట్టివాసన ఇష్టం. ఇవన్నీ లేకి రుచులని నాకు పద్నాలుగేళ్లప్పుడు తెలిసింది, చింతమడక నుంచి సిద్దిపేటకు కాపురానికి వచ్చాక. తెలిసినంత మాత్రాన మానుకోలేదు.

అత్తగారిది బట్టల దుకాణం. ఊరవతల కొంత మెట్ట పొలం కూడా ఉండేది. రెండు పూటలా వరి అన్నం తినే ఇల్లని పేరు. ఆ పేరు విని మా బాపు మురిసిపోయి నన్ను ఆ ఇంటికి ఇచ్చాడు. నేను వచ్చేసరికి పేరు మిగిలింది, బియ్యం మిగల్లేదు. యుద్ధం రోజులవి. లెవీ అంటూ సర్కారు మనుషులు రైతుల కళ్లాల మీదే వడ్లు కొలుచుకుపోయేవాళ్లు. బజారులో బియ్యం దొరకడమే గగనమైపోయింది. వండిన అన్నం మామగారికీ ఆయన కొడుకులకూ సరిపోయేది. వాళ్లు తిని దుకాణానికి పోయాక అత్తకూ నాకూ గంజి, అందులో తేలే నాలుగు మెతుకులు.

అయినా అత్త బియ్యం కడిగిన నీళ్లను గొడ్లకు పోయనిచ్చేది కాదు. పొద్దున్నే వాకిట్లో పారబోయించేది. ఆ తెల్లటి తడి వాడకట్టు వాళ్ల కంట పడాలి. తినడానికి లేకున్నా మీసాలకు సంపెంగ నూనె అంటారే, అదన్నమాట. మా ఇంట్లో మీసాలున్న వాళ్ల కడుపు నిండేది, ఆ మీసాలకు నూనె రాసే మాకే నిండేది కాదు.

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఏమిటంటే, ఇంట్లో జొన్నలున్నాయి. కూలివాళ్లకు కొలిచే జొన్నలు వెనక కొట్టంలో గుమ్మి నిండా ఉన్నాయి. రొట్టెలు చేస్తానని ఒకరోజు అడిగాను. అత్త గోడ వైపు చూసి గొంతు తగ్గించింది.

"మనది బువ్వ తినే ఇల్లు పిల్లా. రొట్టె చప్పుడు బయటికి పోతే ఇజ్జత్ ఏం గావాలె?"

ఆమె భయం చప్పుడు గురించే. విసుర్రాయి తిప్పితే అందులో ఏ గింజ ఉందో గోడ అవతలి వాళ్లకు తెలియదు. రొట్టె సంగతి అట్లా కాదు. జొన్నపిండి సాగదు, కర్రతో ఒత్తితే విరిగిపోతుంది. పీట మీద పెట్టి అరచేత్తో తట్టి తట్టి తిప్పాల్సిందే. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందరికన్నా పక్కింటి కిరాణా దుకాణం ఇంటావిడ అంటే అత్తకు హడలు. ఆమె రోజూ మా అరుగు మీదికి వచ్చి, తమ ఇంట్లో సన్నబియ్యం ఎంత తెల్లగా ఉడికాయో చెప్పి, మేమేం వండామో ఆరా తీసి పోయేది.

చప్పుడు లేకుండా చేసి చూద్దామని ఒకసారి మోదుగాకు మీద పిండి పెట్టి వేళ్లతో ఒత్తాను. రొట్టె మందంగా వచ్చింది, ఆకుకు అంటుకుంది, పెనం మీద ముక్కలైంది. లోపల పచ్చిపిండి. ఆకలి రుచి ఎరుగదంటారు. ఆ మాట అన్నవాళ్లకు ఆకలి తెలియదు. అంత ఆకలిలోనూ అది రొట్టె కాదని నా నాలుక చెప్పింది. ఆ ముక్కలు గొడ్లకు పెట్టి, కొట్టంలో కూర్చుని ఏడ్చాను.

మరునాడు మధ్యాహ్నం గంజి పోస్తున్నప్పుడు అత్త చెయ్యి చూశాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీద కాదు, వాకిట్లోని ఆ తెల్లటి తడి మీద. లేచి పొయ్యి రాజేశాను. మరిగే నీళ్లు పోసి పిండి పిసికాను. పీట వేసుకుని కొట్టడం మొదలుపెట్టాను.

అత్త పరుగున వచ్చి తలుపు మూసింది. కిటికీ మూసింది. పొగ కమ్మి ఇద్దరమూ దగ్గుతున్నాం, నా చెయ్యి మాత్రం ఆగలేదు.

"రొట్టెనే కావాల్నంటే మీ అవ్వగారింటికి పో. మాపటికి కచ్చురం కట్టిపిస్త," అంది.

అది బెదిరింపు కాదు, ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఎద్దుల కచ్చురం దిగి నేను మా వాకిట్లో నిలబడితే, తిండికి ఓపలేక మొగుణ్ణి వదిలొచ్చిన పిల్ల అంటారు. బాపు తలెత్తుకోలేడు. నాకు మళ్లీ ఇంకో గడప లేదు. ఇవన్నీ నాకు తెలుసు.

"పోత అత్తమ్మా. ఆకలి కడుపుతోని మాత్రం పోను. తిన్నంకనే పోత."

అని, లేచి తలుపు తీశాను. మళ్లీ పీట ముందు కూర్చుని కొట్టాను. పొగతో పాటు చప్పుడూ వీధిలోకి పోయింది. రొట్టెను పెనం మీద వేసి, నీళ్లు అద్ది, తిప్పి, నిప్పుల మీదికి తోశాను. పొంగింది. ఉల్లిగడ్డ చితక్కొట్టి, అత్త చూస్తుండగానే తిన్నాను. కళ్ల నీళ్లు కారుతున్నాయి, కొన్ని కారానికి, కొన్ని భయానికి. అయినా ఆ రొట్టెలో ఒక్క ముక్క కూడా వదల్లేదు.

రెండో రొట్టె నిప్పుల మీద ఉండగా గోడ అవతల చప్పుడు మొదలైంది. తప్, తప్, తప్. అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సన్నబియ్యం ఆవిడ ఇంట్లోంచే. మొదట భయం భయంగా నాలుగు దెబ్బలు, కాసేపు ఆగి, ఆ తర్వాత ఇక ఆగకుండా. బాగా చెయ్యి తిరిగిన మనిషి. ఎన్నాళ్లనుంచి ఆ చెయ్యి ఆపుకుని కూర్చుందో పాపం.

అత్త పొయ్యి ముందు కూలబడి, రెండో రొట్టెను నిప్పుల మీదినుంచి తనే లాక్కుంది. కారం అద్దుకుని, తల ఎత్తకుండా తినేసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, పీటను నా ముందుకు జరిపింది.

"ఇంకోటి కొట్టు పిల్లా. గట్టిగ కొట్టు. పక్కింటిదాని చప్పుడే ఎక్కువ ఇనవడుతుంది."