చప్పట్ల మామ కట్టిన కొండ

మా ఫక్రుద్దీన్ మామ ఏ గడప దాటినా ముందు సలాం చెప్పడు, చప్పట్లు కొడతాడు. కొట్టి, తల ఓరగా వంచి, గోడలు ఏమంటున్నాయో వింటాడు. మనుషుల సంగతి ఆ తర్వాతే.

ఆదోని బస్టాండు హోటల్లో కొడితే సర్వర్ టీ తెచ్చాడు. మామ తాగి ఇంకో మూలకు పోయి కొట్టాడు. మళ్ళీ టీ. అన్ని మూలలూ పరీక్షించి బయటపడేసరికి కడుపు కుండయింది. "విద్యంటే ఊరికే వస్తాదాప్పా?" అన్నాడు.

మా వీధి అయ్యన్న తండ్రి పోయినప్పుడు పరామర్శకు వెళ్ళి అక్కడా కొట్టాడు. అయ్యన్న కర్ర అందుకున్నాడు. "కోపమెందుకప్పా? ఈ ఇంట్లో ఏడుపు మూలమూలకూ ఇనపడ్తాది. మంచిల్లు," అన్నాడు మామ. తర్వాత అలవాటుగా భార్య హజరా బీకి వేలు చూపించాడు: "నువ్వు ఆ గూటి కింద కూర్చో."

ఎక్కడికెళ్ళినా అంతే. ముందు చప్పట్లు, తర్వాత వేలు. ఆమె పోయి అక్కడే కూర్చునేది. "యాడ కూర్చోవల్లనో కూడా మొగుడే సెప్పల్ల" అని ఆడవాళ్ళు మూతులు తిప్పేవాళ్ళు.

ఎనభై మూడులో శేషన్న ఎమ్మిగనూరులో పెళ్ళిహాలు కట్టాడు. గోడలు అద్దమంత నునుపు. మామ రెండో కూతురి నిఖా అందులోనే. చూడబోయి మామ చప్పట్లు కొడితే, ఒక్క దెబ్బకు హాలంతా సభలాగా తిరిగి కొట్టింది.

"ఇది హాలు కాదు శేషన్నా, బాయి. మైకులో ఏం సెప్పినా ఎనకుండే ఆడోళ్ళకు బురబురే."

"పెండ్లికి వచ్చేది తినేకి సాయిబూ, ఇనేకి కాదు."

వారం తిరక్కుండా, శేషన్న ఊళ్ళో లేనప్పుడు, మామ తన కట్టెల అడితిలోని తుండు ముక్కలన్నీ పలకలకు కొట్టించి గోడలకు బిగించాడు. పెద్ద దిమ్మెలు, వాటి మీద అదే వరసలో చిన్న దిమ్మెలు, ఆ చిన్నవాటి మీద అదే వరసలో ఇంకా చిన్నవి.

శేషన్న చూసి అదిరిపడ్డాడు. "నా గోడకు బొబ్బలెక్కిస్తివే. పీకెయ్."

"పీకను. ఆదోని కొండ సూడప్పా. బండ మీద గుండు, గుండు మీద రాయి, రాయి మీద గరుకు. లావు గొంతును పెద్దవి సెదరగొడ్తాయి, సన్న గొంతును సిన్నవి. మాటను అందరికీ సమానంగా పంచుతాయి."

"పీకకుంటే హాలు లేదు."

"అయితే నిఖా నీ గేటు ముందర, రోడ్డు మీదనే. వచ్చినోళ్ళు ఎందుకని అడిగితే, హాలు బాయని నేనే సెప్తా."

శేషన్న గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పలకలు ఉండిపోయాయి.

నిఖా రోజు ఖాజీ అడిగితే, పెళ్ళికొడుకు సిగ్గుతో మైకులో నోట్లోనోట్లోనే "ఖుబూల్ హై" అన్నాడు. వెనక పరదా చాటునుంచి అందరికంటే ముందు "మాషా అల్లా" అన్న గొంతు హజరా బీది.

భోజనాల దగ్గర, ఆమెతో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసిన సుంకమ్మ కళ్ళు పెద్దవి చేసి నాతో అంది: "దాని సెవులు మిషన్ల కాడే మందగించె గదప్పా. పెద్దపిల్ల పెండ్లిలో ఏమీ ఇనపడలా. మా మొగాలు సూసి ఆమీన్ అనింది."

ఆ చప్పట్లు ఎవరికి చోటు వెతికేవో అప్పుడర్థమైంది. ఆ రోజు మామ వేలే చూపలేదు. ఆమె తనకు నచ్చినచోట కూర్చుంది.

"ముందే సెప్పొచ్చు గదా మామా?"

"సెప్తే హజరాను సెవిటిదంటారు. నన్ను పిచ్చోడంటే నాకేం పోయింది?"

అంటూ ఆనందం పట్టలేక హాలు మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. గోడలు తిరిగి ఒక్క మాటా అనలేదు. వంటవాడు మాత్రం టీ తెచ్చాడు.