రెండిళ్ల చాయ్

చిన్న కోడలి వంటింట్లో చాయ్ పొంగినట్టుంది. పాలు మాడిన వాసన వస్తోంది. ఈ మొఘల్‌పురా ఇంట్లో ఆ వాసన తగిలితే నాకు మా నాయనమ్మే గుర్తొస్తుంది.

నా చిన్నతనంలో మా గల్లీలో ముసలివాళ్లకు కొదవ లేదు. కానీ ఉర్దూవాళ్లూ తెలుగువాళ్లూ కలిసి వాడుకునే ‘బుజుర్గు’ అన్న మాట అందరికీ దక్కేది కాదు. బతుకు చూసి, నోరు అదుపులో పెట్టుకుని, ఎదుటివాడి గోడు చివరిదాకా వినగల పెద్దలకే అది. ఎవరికి వారు తగిలించుకునే మాట కూడా కాదు. కష్టమొచ్చినవాళ్లు గడప ముందు నిలబడి, “ఘర్‌మే కోయీ బుజుర్గ్ హై?”, ఇంట్లో పెద్దలెవరైనా ఉన్నారా, అని అడిగితే ఇంటిల్లిపాదీ ఎవరి వైపు చూస్తారో వాళ్లే బుజుర్గు. మా ఇంట్లో అందరం నాయనమ్మ వైపే చూసేవాళ్లం.

ఒక ఆషాఢంలో, బోనాల పొద్దున, వేపమండల వాసనా బెల్లపన్నం వాసనా గల్లీ నిండా కమ్ముకుని, పిల్లలం గోలీలాటలో ఒళ్లు మరిచి ఉండగా, మేం ఖాలా అని పిలిచే ఎదురింటావిడా, పక్కింటి మల్లమ్మక్కా నల్లా దగ్గర బిందెలెత్తి కొట్టుకునేదాకా వెళ్లారు. నాయనమ్మ వచ్చి రెండు గడపల నడుమ పీట వేసుకుని కూర్చుంది. తప్పెవరిదని అడగలేదు.

“నాకు తల నొస్తున్నది. రెండిండ్లకెల్లి చాయ్ తేండ్రి,” అంది.

గొణుక్కుంటూనే ఇద్దరూ పొయ్యిలు ముట్టించారు. అల్లం దంచి, పాలు మరిగించి తెచ్చేసరికి సగం కోపం దిగిపోయింది. నాయనమ్మ రెండు చాయ్‌లనూ ఒకే చెంబులో కలిపి చెరో గ్లాసు ఇచ్చి, “ఇగ చెప్పుండ్రి,” అంది. చెప్పడానికేమీ మిగల్లేదు, ఖాలా చక్కెర ఎక్కువేసిందని మాత్రం మల్లమ్మక్క సణిగింది.

నా కొడుకులిద్దరి పొయ్యిలూ ఎప్పుడో వేరయ్యాయి. రేపు మేస్త్రీ వచ్చి నట్టింట్లో గోడ లేపుతాడు. పొద్దున చిన్న కోడలు నా ఎదుటే కళ్లు తుడుచుకుంటూ, “ఇంట్ల బుజుర్గులుంటే గిట్ల అయితుండెనా మామా?” అంది. దెప్పాలని కాదు పాపం. నేనున్నానని ఆమెకు తట్టనే లేదు. నాకు ప్రాణం చివుక్కుమంది.

అందుకే నాయనమ్మ పీట దులిపి నట్టింట్లో వేసుకుని, రెండు పొయ్యిల నుంచీ చాయ్ అడిగాను.

“నీకు సోయి ఉన్నదా బాపూ? గిప్పుడు చాయ్ ఏంది?” అని పెద్దోడు తలుపేసుకున్నాడు.

చిన్న కోడలు మాడిన చాయే వడగట్టి తెచ్చింది. పక్కన చెంబు పెట్టుకుని కూర్చున్నాను. గ్లాసులో మీగడ కట్టింది. కలపడానికి రెండోది రాలేదు.