జేబులో పళ్ళు

కారెక్కే ముందు హార్ట్‌విగ్ కట్టుడు పళ్ళు తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. అతని పాత ఎర్ర స్పోర్ట్స్ కారు గేరు మార్చినప్పుడల్లా వీపులో గుద్దుతుంది, మెడ విరిచినంత పని చేస్తుంది. ఓసారి ఆ పళ్ళ మధ్య నాలుక పడి సగం తెగింది కూడా. ఆదివారం జర్మనీలో కొలోన్ నగరం దగ్గర మూతబడ్డ రన్‌వే మీద, అదే కారు కొత్త మోడల్‌తో కూతురు ఊటె పందేనికొచ్చింది. అతను బూతులు తిడుతూ, గేరు కర్రని బాదుతూ పాతదాన్ని చావగొట్టాడు. కొత్తది చడీచప్పుడు లేకుండా ముందే చేరిపోయింది.

"ఇది తోలి చూడు నాన్నా, పికప్ అంటే ఏంటో తెలుస్తుంది."

బోసినోటితోనే ఎక్కి, పెడల్ నేలకి తొక్కి, ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. దిగి పళ్ళు పెట్టుకున్నాడు.

"కాఫీ తాగుతూ తోలొచ్చు దీన్ని! వీపుకి ఒక్క దెబ్బైనా తగల్లేదు!"

అని, ఆ కొత్త కారు తలుపు సొట్టపడేలా బూటుతో ఒక్క తన్ను తన్నాడు.

"తగిలిందా? పికప్ అంటే అదీ!"