కోటగుట్ట మీద మా ఎర్రపెట్ట

నా చిన్నప్పుడు నాకు రెండే రెండు పిచ్చులు. ఒకటి కోటగుట్ట, రెండోది మా ఎర్రపెట్ట. తర్లగూడ దగ్గరి మా పల్లె నుంచి చూస్తే గుట్ట నెత్తిన పాత కోటగోడ పళ్లూడిన దవడలా కనిపించేది. బస్తర్ సంస్థానం రోజులవి. ఆ కోటను ఏ రాజు కట్టాడో అప్పటికే చెప్పేవాళ్లు లేరు. పైన గుళ్లున్నాయని, రాతి ఏనుగు ఉందని విని విని నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు.

ఆ ఏడు తమ్ముడికి జ్వరం వదలక, అమ్మ గుట్ట మీది కోటమ్మ తల్లికి కోడిని మొక్కుకుంది. జ్వరం తగ్గింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే కోడి, మా ఎర్రపెట్ట. దాన్ని గద్ద కాళ్లలోంచి విడిపించి పెంచింది నేను. ఎవరికి చెప్పుకోను? నోరెత్తితే తమ్ముడికి మళ్లీ జ్వరం వస్తుందేమోనని భయం.

తెల్లవారగానే బయల్దేరాం. కోడిని చంకన పెట్టుకొని ముందు నేను, నా వెంట మా తాతయ్య, బాగా వెనక తమ్ముణ్ణి ఎత్తుకొని అమ్మ. ఏడుస్తూ నడవాల్సినదాన్ని సిగ్గు లేకుండా పరుగెత్తాను. కోట దర్వాజా కనబడగానే కేక పెట్టాను. రెండు నిలువుల ఎత్తు గోడ! రాతి ఏనుగు నిజంగానే ఉంది, తొండం మాత్రం విరిగింది. దాని మీదెక్కి చూస్తే కింద గోదావరి తళతళమంటోంది. అంత సంతోషం, అంత దుఃఖం ఒకేసారి పట్టడానికి నా గుండె ఎంతుందని!

తాతయ్య కప్పు కూలిన శివాలయం చూపించాడు. దాని పక్కనే చిన్న గుడిలో నల్లరాతి విగ్రహం, కాళ్లు మడిచి కళ్లు మూసుకొని కూర్చుంది.

"ఈయన జైనుల దేవుడు బిడ్డా. ఈయన ముంగట చీమను గూడ సంపరు" అన్నాడు.

అమ్మ ఇంకా మలుపు దగ్గరే ఉంది. తాతయ్య కండువా కొంగు ముడి విప్పి గడప మీద దోసెడు నూకలు పోశాడు. "ఈడికొచ్చినోళ్లు ఆకలితోటి పోవద్దు. తిననియ్." ఎర్రపెట్ట తల ఎత్తకుండా తింది. అదే దాని చివరి మేత అనుకొని నాకు ఏడుపొచ్చింది.

కోటమ్మ గుడి పూజారి దొర్ల తెగకు చెందిన ఒక ముసలాయన. మా తెలుగు బాగానే మాట్లాడేవాడు. ఆయన కోడిని దించి, దాని ముందు గింజలు చల్లుతానన్నాడు. ఏరుకుంటే తల్లి ఒప్పుకున్నట్లు. మూడుసార్లు చల్లినా ముట్టకపోతే తనకు వద్దన్నట్లు, ఇక కోయకూడదు. నేను గిర్రున తాతయ్య వైపు తిరిగాను. ఆయన చేతులు కట్టుకొని ఆకాశం చూస్తున్నాడు.

మొదటిసారి చల్లితే కోడి అటు చూడలేదు. రెండోసారి ముక్కు రాయికి రుద్దుకుంది. మూడోసారి తల వంచింది. గింజలను వాసన చూసినట్లు చూసి, ఒళ్లు దులుపుకొని, అక్కడే చతికిలబడింది.

అమ్మ ముఖం పాలిపోయింది. "తల్లికి కోపమొచ్చిందా ఏంది?"

పూజారి కోడిని ఎత్తి మెడ కింద ఉబ్బిన తిత్తిని తడిమాడు. తాతయ్య వైపు ఒక్క క్షణం చూశాడు. "కోపం లేదు, ఏం లేదమ్మా. పిలగాడు బతికిండు, గదే సాలంటంది. కొబ్బరికాయ కొట్టుకోని పో."

అమ్మ కళ్లు తుడుచుకొని నవ్వింది. గుట్ట దిగేటప్పుడు నా గంతులకు పట్టపగ్గాల్లేవు. "మెల్లగ నడువు, పడ్తవ్" అన్నాడు తాతయ్య. ఆ సంగతి మీద ఆయన జన్మలో అన్నది ఆ ఒక్క మాటే.

కోడిని కాపాడమని నేను ఆయన్ని అడగలేదు. అడగలేనని ఆయనే కనిపెట్టాడు. ఇప్పుడు నా ఇంట్లో నలుగురు మనవరాళ్లు. వాళ్లలో ఎవరైనా నోరు మెదపకుండా నా ముందు నిలబడితే, చేతిలో పని అక్కడే పడేసి లేస్తాను. అడిగేదాకా ఆగితే ఒక్కోసారి ఆలస్యమైపోతుంది.