నీలవ్వ చేతకానితనానికి పరీక్ష

తనకు చేతకాదని నలుగురి ముందు రుజువు చేసుకోవడం కూడా ఒక పనేనని నీలవ్వకు డెబ్బై దాటాకగానీ తెలియలేదు. ఆర్మూర్ మండీలో పసుపు కొమ్ములు ఏరీ ఏరీ నడుము వంగింది, మోకాళ్లు మొరాయించాయి. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. మొన్న స్నానం చేస్తూ జారిపడి, పక్కింటి గంగామణి వచ్చి లేపేదాకా తడినేల మీదే పడి ఉంది. అప్పటినుంచి కిరాయి గదిలో ఒంటరిగా ఉండాలంటే ఆమెకు వణుకు.

ఊరి బయట వృద్ధాశ్రమం ఉంది. డబ్బు కట్టేవాళ్లను ఏమీ అడగకుండా చేర్చుకుంటారు. కట్టలేనివాళ్ల ఖర్చు ఒక ట్రస్టు భరిస్తుంది. కాకపోతే వాళ్లు తమ పని తాము చేసుకోలేరని ట్రస్టు మనిషి వచ్చి కళ్లారా చూడాలి. ఉన్నవాడు ఊరికే ముసలివాడైతే చాలు, లేనివాడు మంచాన పడి చూపించాలి. దానమంటే అంత పద్ధతిగా ఉండాలి మరి!

నీలవ్వ దరఖాస్తు మీద ట్రస్టు సారు చూడటానికి వచ్చే పొద్దున గంగామణి ఆమెను మంచమెక్కించింది. "అవ్వా, సారు పోయేదాక లేవకు. నేను చెప్త గదా అన్ని."

"గట్లనే బిడ్డా," అంది నీలవ్వ.

సాయిప్రసాద్ సారు చెప్పులు బయటే విప్పి లోపలికొచ్చాడు. అదే కొంప ముంచింది. అలా చుట్టంలా ఇంటికొచ్చిన మనిషి ముందు కాళ్లు చాపుకొని పడుకోవడం నీలవ్వ ఇంటావంటా లేదు. కొంగు తలమీదికి లాక్కొని, పళ్లు బిగబట్టి, గోడ పట్టుకొని లేచింది. గంగామణి ఎంత ఉరిమి చూసినా అటు చూస్తేనా! చెంబుతో నీళ్లిచ్చింది, స్టవ్ వెలిగించి చాయ్ పెట్టింది.

"మస్తు గట్టిగున్నవవ్వా!" అన్నాడు సారు.

"నా పని నేనే చేసుకుంట బిడ్డా. ఒగల మీద పడి బతికేదాన్ని గాదు."

"అయ్యో సారూ, మొన్ననే పడ్డది, నేనే లేపిన," అని గంగామణి మొత్తుకుంది. సారు చాయ్ చివరి గుక్కదాకా తాగి, నీలవ్వకు దండం పెట్టి మరీ బయటికి నడిచాడు. మర్యాదస్తుడు. గంగామణి వెంటపడితే బండి ఎక్కుతూ చెప్పాడు: "చాయ్ పెట్టే మనిషికి మా ఆసరా ఎందుకమ్మా? నిజంగ చాతగానోళ్లు మస్తుమంది ఉన్నరు."

గంగామణి తిరిగొచ్చేసరికి నీలవ్వ స్టవ్ పక్కన కూలబడి ఉంది. కాళ్లు కదలడం లేదు. నొప్పికి కళ్లనీళ్లు కారుతున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"జర లేపు బిడ్డా. సారు మంచోడు, నన్ను మస్తు మెచ్చుకున్నడు. ఆశ్రమానికి ఎప్పుడు రమ్మన్నడు?"