తిమ్మరాయప్ప చేతికి ఇవ్వని పాస్‌వర్డ్

బెంగళూరు కబ్బన్‌పేటలో పట్టుచీరలకు అంచులు గీసే తిమ్మరాయప్పగారు సగం కలలో పనిచేసే మనిషి. కిటికీలోంచి మగ్గాల చప్పుడు వస్తూ ఉంటుంది. దానికి తగ్గట్టు ఆయన తల మెల్లగా ఊగుతూ ఉంటుంది. కంప్యూటరు తెర మీది గళ్ళలో ఒక హంస నెమ్మదిగా మెడ ఎత్తుతుంది. అప్పుడు పిలిస్తే పలకడానికి కాసేపు పడుతుంది. హంసల దగ్గర్నుంచి రావాలి కదా.

వయసులో ఉన్నప్పుడు మగ్గం నేశాడాయన. కళ్ళు ఎక్కడున్నా, తెగిన దారం తగిలితే వేళ్ళు ముడి వేసేస్తాయి. ఆ వేళ్ళే కొంప ముంచాయి. తెర మీద 'అవునా, వద్దా' అని ఏ పెట్టె లేచినా చదవకుండా 'అవును' నొక్కేవాడు. మూడేళ్ళ క్రితం అలాగే ఏదో దిక్కుమాలిన ప్రోగ్రాము లోపలికొచ్చి సగం అంచులు తినేసింది. కూతురు సహన పెళ్ళిచీరకు గీసిన మల్లెమొగ్గలూ పోయాయి. వారం రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు.

ఆ కంప్యూటరు అమర్చిపెట్టింది, చెడితే బాగుచేసేది నేనే. అందుకే కోపం ఆయన మీద కాదు, నా మీదే వచ్చింది. అలాంటి చేతికి అంత అధికారం ఎవడిమ్మన్నాడు? వెంటనే ఆయనకు మామూలు అకౌంటు చేసిపెట్టాను. గీసుకోవచ్చు, దాచుకోవచ్చు. కొత్తదేదైనా లోపలికి రావాలంటే మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. దాన్ని ఆయన భార్య కెంపమ్మగారి చేత పెట్టించి, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"నా కంప్యూటర్లో నేనే బాడుగకుండే వాని మాదిరి అయితి కదప్పా," అని నవ్వాడు. బాధపడ్డట్టు లేదు. మళ్ళీ హంసల్లోకి వెళ్ళిపోయాడు.

పోయిన నెల సహన పురుటికని కెంపమ్మగారు వర్తూరులో కూతురింటికి వెళ్ళారు. ఒక మధ్యాహ్నం ప్రింటరు చూడ్డానికి వెళ్ళి నేను ఆయన పక్కనే కూర్చున్నాను. నెమలి తోక సగం విప్పారింది. ఇంతలో పెట్టె లేచింది. వేళ్ళు 'అవును' నొక్కేశాయి. పెట్టె కదలకుండా పాస్‌వర్డ్ అడిగింది. ఆయన విసుగ్గా భార్యకు ఫోన్ చేశాడు.

"మే, పాస్‌వర్డ్ చెప్పు. రేపటికి అంచు ఇయ్యాల."

"ఏమిటికి అడగతా ఉండాది? చదువయ్యా."

"అంతా ఇంగ్లీషులో ఉండాది."

"అచ్చరాలే చదువు."

ఆయన కలలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరమే చదివాడు.

"అది మనం గీసే ప్రోగ్రాము పేరు కాదు. వద్దని కొట్టు," అందావిడ.

నేను వంగి చూశాను. ఎవరో కొత్త గిరాకీ నమూనా బొమ్మ అని పొద్దున పంపినది నేను రాకముందే తెరిచాడట. అది బొమ్మే కాదు. లోపలికొచ్చి ఉంటే మిగిలిన అంచులన్నీ పోయేవి. ఆ మాట చెబితే ఆయన 'వద్దు' నొక్కి, సగం గీసిన నెమలి తోకను ముందు దాచుకున్నాడు.

అవతల కెంపమ్మగారి గొంతు మెత్తబడింది.

"ఇంకా నెల దినాలు ఈడే ఉండాల నేను. పనికి అడ్డమైతే ఎట్లా? చెప్తా, రాసుకో."

తిమ్మరాయప్పగారు తన కుడిచేతి వేళ్ళను ఒకసారి చూసుకున్నాడు. ఫోను చెవి నుంచి తీసి, చెయ్యి బారజాపి కిటికీ బయట పట్టుకున్నాడు. ఆవిడ చెప్పిందంతా మగ్గాల చప్పుడులో కలిసిపోయింది. గొంతు ఆగాక మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు.

"వినపళ్ళేదు మే. నీ దగ్గరే ఉండనీ."